నేపర్‌విల్ ఎటు ఓటేస్తుంది?

2020 నవంబరులో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం, డ్యూపేజ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లు ఒకే రోజు, ఒకే బ్యాలట్ మీద రెండు తీర్పులు ఇచ్చారు. అధ్యక్ష పదవికి డెమోక్రాట్ జో బైడెన్‌ను ఎంచుకున్నారు. ఆయనకు దాదాపు 58 శాతం ఓట్లు పడ్డాయి. అదే బ్యాలట్ మీద ఒక రాష్ట్ర రాజ్యాంగ సవరణ కూడా ఉంది. ఇలినాయ్‌లో ఆదాయపు పన్ను అందరికీ ఒకటే రేటు, 4.95 శాతం. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకు మించి సంపాదించేవారి మీద ఎక్కువ రేటు వేయడానికి వీలు కల్పించాలన్నది ఆ సవరణ. డెమోక్రటిక్ గవర్నర్ జె.బి. ప్రిట్జ్‌కర్ దాన్ని గెలిపించడానికి 5 కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టారు. డ్యూపేజ్ దాన్ని గట్టిగా తిప్పికొట్టింది. రాష్ట్రం మొత్తం మీద కూడా అది ఓడిపోయింది.

ఆ కౌంటీలోని ప్రధాన పట్టణం నేపర్‌విల్. షికాగోకు పడమరగా దాదాపు 30 మైళ్ల దూరంలో, 2020 జనగణన ప్రకారం 1,49,540 మంది జనాభాతో, రాష్ట్రంలో నాలుగో పెద్ద ఊరు. ఎన్నికల రాత్రి టీవీ మ్యాపుల్లో ఇలాంటి ఊళ్లు ఒకప్పుడు ఎరుపు రంగులో కనిపించేవి, ఇప్పుడు నీలం రంగులో కనిపిస్తున్నాయి. ఎరుపంటే రిపబ్లికన్, నీలమంటే డెమోక్రాట్. ఆ మ్యాపు చూసి ఊరంతా మారిపోయిందని అనుకోవడం తేలిక. కానీ బైడెన్‌కు ఓటేసి పన్నును వద్దన్న ఓటరును ఏ రంగులో వేయాలి? నేపర్‌విల్‌ను అర్థం చేసుకోవాలంటే మొదట ఆ ఓటరు అర్థం కావాలి.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి. నేపర్‌విల్ రెండు కౌంటీల్లో ఉంది. ఉత్తర భాగం డ్యూపేజ్‌లో, దక్షిణ భాగం విల్ కౌంటీలో. కాబట్టి డ్యూపేజ్ అంకెలన్నీ అచ్చంగా ఊరి అంకెలు కావు. గాలి ఎటు వీచిందో మాత్రం వాటిలో స్పష్టంగా తెలుస్తుంది.

ఆ గాలి నూట యాభై ఏళ్లపాటు ఒకే వైపు వీచింది. 1831లో జోసెఫ్ నేపర్ ఇక్కడ స్థిరపడ్డాడు. 1850లలో బానిసత్వ వ్యతిరేకుల పార్టీగా రిపబ్లికన్ పార్టీ పుట్టినప్పుడు ఉత్తర ఇలినాయ్ రైతులు దాని వెంట నడిచారు. 1852లో డెమోక్రాట్ ఫ్రాంక్లిన్ పియర్స్ గెలిచాక, 2008లో బరాక్ ఒబామా గెలిచేదాకా, మరే డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థికీ డ్యూపేజ్‌లో గెలుపు దక్కలేదు. 1912లో ఒక్కసారి రిపబ్లికన్లను కాదన్నా, అప్పుడు కూడా ఆ పార్టీ నుంచి చీలిపోయిన థియోడర్ రూజ్వెల్ట్‌కే ఓటేసింది. 1984లో రొనాల్డ్ రేగన్‌కు ఇక్కడ ప్రతి నాలుగు ఓట్లలో మూడు పడ్డాయి.

ఇంత పట్టు ఎలా వచ్చింది? తొలి రిపబ్లికన్ అధ్యక్షుడు లింకన్ కాలం నాటి అభిమానం కొంత. అంతకన్నా పెద్ద కారణం పక్కనే ఉన్న షికాగో. ఆ మహానగరాన్ని దశాబ్దాలపాటు డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగం నడిపింది. ఉద్యోగాలు, కాంట్రాక్టులు, వీధి శుభ్రం చేయడం దాకా అన్నీ పార్టీ మనుషుల చేతుల మీదుగానే జరిగేవన్న పేరు పడింది. నగరం వదిలి శివార్లకు వచ్చిన తెల్లజాతి కుటుంబాలకు రిపబ్లికన్ ఓటు అంటే ‘మేం షికాగో కాదు’ అని చెప్పుకోవడం. నల్లజాతివారు పక్క వీధికి వస్తున్నారని ఊళ్లు మారినవాళ్లు కూడా వారిలో ఉన్నారు. శివార్ల చరిత్రలో ఈ భాగాన్ని దాటేసి పోకూడదు.

ఆ పట్టు ఎంత దూరం వెళ్లిందంటే, 1990లలో రాష్ట్ర సెనేట్‌కు పదేళ్లు అధ్యక్షుడిగా ఉన్న జేమ్స్ ‘పేట్’ ఫిలిప్ డ్యూపేజ్ మనిషి. రాష్ట్ర ప్రతినిధుల సభకు రెండేళ్లు స్పీకర్‌గా చేసిన లీ డేనియల్స్ కూడా డ్యూపేజ్ మనిషే. మూడు దశాబ్దాలకు పైగా అమెరికా కాంగ్రెస్‌లో ఉన్న హెన్రీ హైడ్‌ను పంపిందీ ఈ ప్రాంతమే. అప్పట్లో కౌంటీలో అసలు పోటీ నవంబరులో కాదు, రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నికలో జరిగేది. ఇలినాయ్‌లో ఓటరు ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోడు. ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీ బ్యాలట్ కావాలో అడిగి తీసుకోవాలి. ఏ బ్యాలట్ అడిగారో రికార్డులో ఉంటుంది, ఎవరికి వేశారో ఉండదు. ఫలానా ఊరివాళ్లు ఫలానా పార్టీ అని చెప్పే అంచనాలు చాలావరకు ఈ రికార్డు మీదే ఆధారపడతాయి. కౌంటీని నడిపేవారిని ఎంచుకోవాలంటే రిపబ్లికన్ బ్యాలట్ అడగక తప్పని రోజుల్లో, మనసులో డెమోక్రాట్ అయినవారు కూడా అదే అడిగే అవకాశం ఉంది. అందుకే ఆ పాత అంకెలను కొంచెం జాగ్రత్తగా చూడాలి.

మరి ఎప్పుడు మారింది? మార్పుకు విత్తనం ఓట్లలో పడలేదు, ఉద్యోగాల్లో పడింది. 1950లో నేపర్‌విల్ జనాభా 7 వేలు. 1958లో టోల్ రోడ్డు వచ్చింది. ఇప్పుడు దాన్నే ఐ-88 అంటారు. 1960లలో టెలిఫోన్ పరిశోధనకు పేరు మోసిన బెల్ ల్యాబ్స్ ఇక్కడ పెద్ద కేంద్రం పెట్టింది. చమురు కంపెనీ అమోకో తన పరిశోధన కేంద్రాన్ని తెచ్చింది. ఆ రోడ్డు వెంట ఒక్కొక్కటిగా టెక్నాలజీ కంపెనీలు వరసకట్టాయి. 1980లో 42 వేలున్న ఊరు 1990కి 85 వేలు, 2000కి 1,28,000 దాటింది. మొక్కజొన్న చేలు పోయి ఇళ్ల కాలనీలు లేచాయి. ఊరు దక్షిణానికి, విల్ కౌంటీలోకి పాకింది.

ఈ ఉద్యోగాలకు డిగ్రీలు కావాలి. ఇవాళ నేపర్‌విల్‌లో పెద్దవయసు వారిలో మూడింట రెండొంతుల మందికి పైగా కాలేజీ పట్టభద్రులు. కుటుంబాల మధ్యస్థ ఆదాయం లక్షన్నర డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒకప్పుడు అమెరికాలో చదువు, ఆదాయం రెండూ కలిసి ఉన్న ఇల్లు రిపబ్లికన్ ఇల్లు. గత పాతికేళ్లలో ఆ లెక్క తిరగబడింది. ఆదాయం ఇప్పటికీ కుడివైపు లాగుతుంది, చదువు ఎడమవైపు లాగుతోంది. నేపర్‌విల్‌లో ఈ రెండూ ఒకే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంటాయి. మొదట్లో చెప్పిన ఓటరు, అంటే బైడెన్‌కు అవును, పన్నుకు కాదు అన్న ఓటరు, సరిగ్గా ఆ బల్ల దగ్గరే దొరుకుతాడు. భార్యాభర్తలిద్దరూ ఐటీలోనో మందుల కంపెనీలోనో సీనియర్ ఉద్యోగాల్లో ఉంటే ఇద్దరి జీతాలు కలిపి రెండున్నర లక్షల డాలర్లకు చేరడం ఇక్కడ అసాధారణం కాదు. పై ఊళ్లకు ‘కోటీశ్వరుల పన్ను’ అనిపించింది వీళ్లకు తమ పే స్లిప్ మీది పన్ను అనిపించింది. దానికితోడు ఇలినాయ్ ఇంటిపన్నులు దేశంలోనే అతి ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. రాష్ట్రం పింఛను బాకీల భారం గురించి ప్రతి ఏడూ వార్తలు వస్తూనే ఉంటాయి. డబ్బిస్తే ఎటు పోతుందో అన్న అనుమానం ఇక్కడ పార్టీలకు అతీతం.

కౌంటీ అంకెలను వరసగా పెడితే మార్పు నడక కనిపిస్తుంది. 2004లో జార్జ్ బుష్‌కు డ్యూపేజ్‌లో దాదాపు 54 శాతం. 2008లో ఒబామాకు దాదాపు 55 శాతం. ఆయన ఇలినాయ్ సెనేటర్, రాష్ట్రానికి సొంత మనిషి, కాబట్టి అది ఒక్కసారి వచ్చిన అల అనుకున్నారు. 2012లో ఆ అల తగ్గినట్టే కనిపించింది. ఒబామా మిట్ రామ్నీ మీద ఒక్క శాతం తేడాతో గట్టెక్కారు. 2014లో రిపబ్లికన్ బ్రూస్ రౌనర్ గవర్నర్‌గా గెలిచినప్పుడు డ్యూపేజ్ ఆయన వెనకే గట్టిగా నిలిచింది. అంటే అప్పటికి ఈ కౌంటీ ఇంకా ఎవరిదీ కాదు. 2016లో ట్రంప్ రంగంలోకి వచ్చాక నిర్ణయం జరిగిపోయింది. రామ్నీకి 48 శాతానికి పైగా ఇచ్చిన కౌంటీ ట్రంప్‌కు 39 శాతం మాత్రమే ఇచ్చింది. హిల్లరీ క్లింటన్‌కు 53 శాతం వచ్చింది. అంటే డెమోక్రాట్లు పొందింది ఒక ఎత్తు, రిపబ్లికన్లు పోగొట్టుకున్నది అంతకు దాదాపు మూడింతలు ఎత్తు. ఓటరు ఒక పార్టీలోకి వచ్చాడనడం కన్నా ఇంకో పార్టీ నుంచి బయటికి నడిచాడనడం నిజానికి దగ్గర.

2018లో ఆ నడక కాంగ్రెస్ స్థానాలకు పాకింది. నేపర్‌విల్‌లోనే పెరిగిన నర్సు లారెన్ అండర్‌వుడ్, 32 ఏళ్ల వయసులో, రిపబ్లికన్ రాండీ హల్ట్‌గ్రెన్‌ను 14వ నియోజకవర్గంలో ఓడించింది. ఒకప్పుడు జాతీయ ప్రతినిధుల సభ స్పీకర్ డెనిస్ హాస్టర్ట్ సీటు అది. పక్కనే 6వ నియోజకవర్గంలో, హెన్రీ హైడ్ కూర్చున్న సీటులో, షాన్ కాస్టెన్ అనే శాస్త్ర నేపథ్యమున్న వ్యాపారి పీటర్ రాస్కమ్‌ను ఓడించాడు. ఇద్దరి ప్రచారంలోనూ ఆరోగ్య బీమా ప్రధానమైన మాట. ముందునుంచీ జబ్బు ఉన్నవారికి బీమా నిరాకరించకూడదన్న నిబంధన పోతుందన్న భయం అప్పట్లో శివార్ల ఇళ్లలో నిజంగా ఉంది. 2020లో కౌంటీ బోర్డులో డెమోక్రాట్లకు మెజారిటీ వచ్చింది. అదే ఏడాది రాష్ట్ర ప్రతినిధుల సభకు నేపర్‌విల్ స్థానంలో జానెట్ యాంగ్ రోర్, రిపబ్లికన్ గ్రాంట్ వెర్లీని ఓడించింది.

ఆ వెర్లీ ఇంటిపేరును గుర్తుంచుకోవాలి. ఊళ్లో తరతరాలుగా పాతుకుపోయిన కుటుంబం వాళ్లది. 2020 నవంబరులో పార్టీ గుర్తు మీద గ్రాంట్ వెర్లీ ఓడిపోయాడు. 2023 ఏప్రిల్లో, పార్టీ గుర్తులు లేని ఎన్నికలో, అదే కుటుంబానికి చెందిన స్కాట్ వెర్లీ నేపర్‌విల్ మేయర్‌గా గెలిచాడు. మూడేళ్లు కూడా గడవలేదు. ఊరు రంగు మార్చుకుని మళ్లీ వెనక్కి మార్చుకుందా? లేదు. అడిగిన ప్రశ్న వేరు, సమాధానం చెప్పడానికి వచ్చిన మనుషులు కూడా వేరు.

ఇలినాయ్‌లో మునిసిపల్ ఎన్నికలు బేసి సంవత్సరాల ఏప్రిల్ నెలలో జరుగుతాయి. అధ్యక్షుడు ఉండడు, గవర్నర్ ఉండడు, టీవీలో ప్రకటనల హోరు ఉండదు. నేపర్‌విల్ కౌన్సిల్లో మేయరు కాక ఎనిమిది మంది సభ్యులు. అందరిదీ నాలుగేళ్ల పదవీకాలం, రెండేళ్లకోసారి నలుగురిని ఎన్నుకుంటారు. మన మునిసిపాలిటీల్లోలాగా వార్డుకు ఒకరు కాదు, అందరినీ ఊరంతా కలిసే ఎన్నుకుంటుంది. దీన్ని మార్చాలన్న ప్రయత్నం ఒకసారి జరిగింది. 2010లో ఐదు వార్డులు, మూడు ఊరుమ్మడి సీట్లు ఉండాలని ఓటర్లు రెఫరెండంలో, అంటే ఒక ప్రశ్న మీద జనం నేరుగా వేసే ఓటులో, ఒప్పుకున్నారు. అది అమల్లోకి రాకముందే 2013లో ఇంకో రెఫరెండం పెట్టి పాత పద్ధతే బాగుందన్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. వార్డులుంటే దక్షిణాన కొత్త కాలనీల్లో గుంపుగా ఉండే ఆసియా కుటుంబాలు తమ ప్రాంతం నుంచి ఒకరిని పంపుకోవడం సులువు. ఊరుమ్మడి పద్ధతిలో ఏప్రిల్లో క్రమం తప్పకుండా ఓటేసేవారి మాటే అన్ని సీట్లలోనూ చెల్లుతుంది. అలా క్రమం తప్పనివారు సహజంగా వయసు మళ్లినవారు, సొంత ఇల్లున్నవారు, ఊళ్లో ఎక్కువకాలంగా ఉన్నవారు.

ఇక్కడి సమస్యలు కూడా ఎరుపు నీలం గీత మీద నిలబడవు. ఊరికి సొంత విద్యుత్ సంస్థ ఉంది. కరెంటును ఒక రాష్ట్రస్థాయి మునిసిపల్ సంస్థ దగ్గర కొంటుంది. దక్షిణ ఇలినాయ్‌లోని ప్రెయిరీ స్టేట్ బొగ్గు విద్యుత్ కేంద్రంలో ఆ సంస్థకు వాటా ఉంది. ఆ ఒప్పందం 2035 దాకా ఉంది. దాన్ని 2055 దాకా పొడిగించాలా, లేక వేరే దారి వెతుక్కోవాలా అన్నది 2025 ఏప్రిల్ ఎన్నికల్లో అభ్యర్థులందరూ జవాబు చెప్పాల్సి వచ్చిన ప్రశ్న. పర్యావరణం గురించి పట్టించుకునేవారికి ఇది బొగ్గు సమస్య. బిల్లు కట్టేవారికి ధర సమస్య. ఇంజనీరుకు నమ్మకమైన సరఫరా సమస్య. ఒకే ఇంట్లో ఈ ముగ్గురూ ఉండొచ్చు.

గంజాయి అమ్మకాల విషయం ఇంకా ఆసక్తికరం. ఇలినాయ్ 2020 జనవరి 1 నుంచి పెద్దవాళ్లకు గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసింది. దుకాణాలను అనుమతించాలా వద్దా అన్నది ఊళ్లకే వదిలేసింది. నేపర్‌విల్ కౌన్సిల్ ముందు వద్దంది. తర్వాత 2020 మార్చిలో జనాన్నే అడిగారు. స్వల్ప మెజారిటీ సరే అంది, ఆ సెప్టెంబరులో పరిమితంగా అనుమతించారు. వద్దని గట్టిగా పనిచేసినవారిలో ఆసియా మూలాల కుటుంబాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నాయి. నవంబరులో వీళ్లలో చాలామంది డెమోక్రాట్లకు ఓటేసే కుటుంబాల వాళ్లే అయి ఉంటారు. పిల్లల చదువు కోసం ఊరు ఎంచుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఇది పార్టీ విషయమే కాదు, బడి పక్క వీధి విషయం.

తుపాకుల మీద కౌన్సిల్ చూపించిన తెగువను కూడా చెప్పుకోవాలి. 2022 జులై 4న షికాగోకు ఉత్తరాన హైలాండ్ పార్క్ అనే శివారు పట్టణంలో స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపు మీద కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. ఆగస్టులో నేపర్‌విల్ కొన్ని రకాల అసాల్ట్ రైఫిళ్ల అమ్మకాన్ని ఊళ్లో నిషేధించింది. స్థానిక తుపాకుల దుకాణం ఒకటి కోర్టుకెక్కింది. 2023 జనవరిలో రాష్ట్రమే అలాంటి చట్టం చేసింది. ఆ కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లినా, నిషేధాన్ని అత్యవసరంగా ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. అలాగని డ్యూపేజ్ మొత్తం ఒకే మాట మీద ఉందనుకోకూడదు. కౌంటీ షెరీఫ్ (ఓటర్లు ఎన్నుకునే పోలీసు అధిపతి) జేమ్స్ మెండ్రిక్, రిపబ్లికన్, ఆ రాష్ట్ర చట్టాన్ని అమలు చేయడానికి తన డిప్యూటీలు ఇల్లిల్లూ తిరగరని బాహాటంగా చెప్పాడు. ఆయన 2022 నవంబరులో తిరిగి ఎన్నికైనవాడు. అదే బ్యాలట్ మీద అదే ఓటర్లు కౌంటీ బోర్డు అధ్యక్షురాలిగా డెమోక్రాట్ డెబ్ కాన్రాయ్‌ను గెలిపించారు. శాంతిభద్రతలకు ఒక పార్టీ, పాలనకు ఇంకో పార్టీ. దీన్ని అయోమయం అనడం ఓటరును తక్కువ చేయడమే. ఒక్కో పదవికి ఏం కావాలో విడివిడిగా ఆలోచించినవాడు ఇలాగే ఓటేస్తాడు.

అదే 2022లో గవర్నర్ పోటీ ఈ విషయాన్ని ఇంకోలా చూపిస్తుంది. రిపబ్లికన్లు దక్షిణ ఇలినాయ్ రైతు డారెన్ బెయిలీని నిలబెట్టారు. ఆయన షికాగోను నరకకూపంతో పోల్చాడు. తాతల కాలంలో అయితే ఆ మాటకు డ్యూపేజ్ తలూపేదేమో. ఇప్పుడు ఇక్కడివారు ఆ నగరంలో పనిచేస్తారు, అక్కడి ఆస్పత్రులకు వెళ్తారు, పిల్లలను అక్కడి యూనివర్సిటీలకు పంపుతారు. ప్రిట్జ్‌కర్ కౌంటీని గెలుచుకున్నారు. పన్ను సవరణ దగ్గర ఆయన్ను తిప్పికొట్టిన కౌంటీయే ఇది.

డబ్బు విషయంలో కూడా ఓటరు మొండివాడు కాడు. 2024 నవంబరులో నేపర్‌విల్, అరోరా ప్రాంతాల పిల్లలు చదివే ఇండియన్ ప్రెయిరీ స్కూల్ డిస్ట్రిక్ట్ 204, బడుల మరమ్మతులకు 42 కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి అడిగితే ఓటర్లు ఇచ్చారు. ఆ ‘ఇండియన్’ అమెరికా ఆదివాసులను ఉద్దేశించిన మాట, మనవాళ్లను కాదు. అయినా ఇవాళ ఆ బడుల్లో భారతీయ పిల్లలు చాలామంది కనిపిస్తారు. రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు పోయే పన్నుకు కాదన్న ఓటరు, కళ్లముందు కనిపించే బడి పైకప్పుకు అవునన్నాడు. బడి బాగుంటే ఇంటి విలువ నిలబడుతుందన్న లెక్క కూడా ఇందులో ఉంది, దాచాల్సిన పని లేదు. అదే లెక్క ఇంకో చోట అంత అందంగా కనిపించదు. రాష్ట్ర చట్టం ప్రకారం అందుబాటు ధరల ఇళ్లు 10 శాతం కన్నా తక్కువ ఉన్న ఊళ్లు వాటిని పెంచే ప్రణాళిక వేసుకోవాలి. నేపర్‌విల్ ఆ జాబితాలోకి ఎక్కింది. కానీ కొత్త అపార్ట్‌మెంట్ల ప్రతిపాదన వస్తే ట్రాఫిక్ పెరుగుతుందని, బడులు నిండిపోతాయని అభ్యంతరం చెప్పడానికి లేచి నిలబడేవారిలో రెండు పార్టీలవాళ్లూ ఉంటారు. ఇంటి ముందు అందరూ సమానమనే బోర్డు పెట్టుకుని, పక్కన అపార్ట్‌మెంట్లు వద్దని సంతకం చేయడం ఇలాంటి శివారు పట్టణాల అసలైన రాజకీయం. ఆ అపార్ట్‌మెంటులో ఉండాల్సింది ఇదే ఊళ్లో పనిచేసే టీచరు, నర్సు, హోటల్ కుర్రాడు.

ఇక జనాభా. నేపర్‌విల్‌లో ఆసియా మూలాలవారు 2000లో దాదాపు 10 శాతం, 2010లో 15 శాతం, 2020లో 22 శాతం. వారిలో భారతీయులదే పెద్ద భాగం, భారతీయుల్లో తెలుగువారు గట్టిగానే ఉన్నారు. రూట్ 59 రోడ్డు వెంట నడిచినా, పక్క ఊరు అరోరాలోని వెంకటేశ్వరస్వామి గుడికి శనివారం వెళ్లినా తెలుగు వినపడకుండా ఉండదు. ఊరు నీలంగా మారడానికి వీరే కారణమని కొందరు తేల్చేస్తారు. కొంత నిజం, కానీ కొంతే. జనాభా వేరు, ఓటర్లు వేరు.

హెచ్-1బి వీసా మీద వచ్చిన మనిషికి ఓటు లేదు. గ్రీన్ కార్డు వచ్చినా లేదు. గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవాలి. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన వల్ల భారతీయుల వరస దశాబ్దాలకు సాగింది. ఇల్లు కొన్నారు, ఏటా పదివేల డాలర్లకు పైగా ఇంటిపన్ను కడుతున్నారు, పిల్లలు ఇక్కడి బడిలో చదువుతున్నారు, కానీ ఆ బడి బోర్డును ఎన్నుకునే హక్కు లేదు. 2020 జనగణనలో లెక్కకొచ్చిన చాలా తెలుగు ఇళ్లు 2020 ఓటర్ల జాబితాలో లేవు. జనగణన శాతాన్ని తీసుకుని ఎన్నికల ఫలితాన్ని వివరించేవారు ఈ తేడాను మర్చిపోతారు.

ఓటున్నవారి మాటకొస్తే, అమెరికాలోని కార్నెగీ అనే పరిశోధన సంస్థ భారతీయ అమెరికన్ల మీద చేసిన సర్వేలు దేశస్థాయిలో ఒక దిశ చూపిస్తున్నాయి. 2020లో బైడెన్‌కు వేస్తామన్నవారు 72 శాతం, ట్రంప్‌కు 22 శాతం. 2024లో కమలా హారిస్‌కు 61 శాతం, ట్రంప్‌కు 32 శాతం. తల్లి చెన్నై మనిషి అయిన అభ్యర్థి పోటీలో ఉన్న ఏడాదే డెమోక్రాట్ల వాటా తగ్గింది. అవతల ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య ఉషా చిలుకూరి వాన్స్ తెలుగింటి ఆడబిడ్డ అని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎంత సంబరం జరిగిందో అందరికీ తెలుసు. అయితే ఓట్లు కదిలింది ఆ రక్తబంధాల వల్ల కాదు. ధరలు, సరిహద్దు, చట్టబద్ధంగా వరసలో నిలబడ్డవారికి న్యాయం జరగడం లేదన్న కడుపుమంట, ఇవి పనిచేశాయి. పదిహేనేళ్లు గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసిన మనిషికి సరిహద్దు దాటి వచ్చినవారి మీద డెమోక్రాట్లు చూపిన ఉదారత అన్యాయంగా అనిపించడం అర్థం చేసుకోదగ్గదే. కానీ అదే మనిషి, హెచ్-1బి మీద రిపబ్లికన్లలో ఒక వర్గం మాట్లాడే తీరు విని మళ్లీ ఆలోచనలో పడతాడు. ఏ పార్టీలోనూ నిండుగా ఇమడని ఓటరు అతను.

ఈ సెగ నేపర్‌విల్ కౌన్సిల్ గదిలోకీ వచ్చింది. 2024 జనవరిలో, షికాగోకు వేల మంది వలసదారులు బస్సుల్లో వచ్చి దిగుతున్న రోజుల్లో, కౌన్సిల్ సభ్యుడు జాష్ మెక్‌బ్రూమ్ తమ ఇళ్లలో వారికి చోటివ్వడానికి సిద్ధంగా ఉన్నవారి పేర్లు నమోదు చేద్దామని ప్రతిపాదించాడు. ఇది నిజమైన ప్రతిపాదనా, ఉదారవాదులను ఇరుకున పెట్టే ఎత్తుగడా అని దేశమంతా చర్చ జరిగింది. పార్టీ గుర్తులు లేవన్నంత మాత్రాన పార్టీ వాదనలు గుమ్మం బయటే ఆగిపోవు.

2024 నవంబరులో కమలా హారిస్ ఇలినాయ్‌ను 11 శాతం తేడాతో గెలిచింది. బైడెన్ గెలిచిన తేడా 17. డ్యూపేజ్‌లోనూ తేడా తగ్గింది, కానీ కౌంటీ నీలంగానే ఉంది. ఇక్కడ డెమోక్రాట్ల ఓటు ఎంత వెడల్పుందో అంత లోతుగా లేదు. ట్రంప్ పోటీలో లేని రోజున, పన్నుల మీద పట్టున్న, మాట మర్యాద ఉన్న రిపబ్లికన్ ఒకరు నిలబడితే ఏం జరుగుతుందో చెప్పడానికి షెరీఫ్ ఎన్నికే ఒక సూచన. అలాగని 1984 తిరిగి రాదు. ఆనాటి ఊరే ఇప్పుడు లేదు. అప్పటి ఓటరు మొక్కజొన్న చేల మధ్య కొత్త ఇల్లు కట్టుకుని షికాగోను వదిలించుకున్నవాడు. ఇప్పటి ఓటరు బెంగుళూరు నుంచో, బీజింగ్ నుంచో, షికాగో నుంచో వచ్చి, అందరితో కలిసే ట్రాఫిక్‌లో ఆగుతున్నవాడు.

2025 ఏప్రిల్లో స్కూల్ బోర్డులో పనిచేసిన అనుభవమున్న సప్నా జైన్ నేపర్‌విల్ సిటీ కౌన్సిల్‌కు ఎన్నికైంది. ఊరంతా కలిసి వేసే ఓటుతోనే గెలిచింది, ఏ ఒక్క వర్గం ఓటుతోనూ కాదు. బడి సమావేశాల నుంచి కౌన్సిల్ దాకా వెళ్లిన ఆ దారిలో మనవాళ్లు ఇంకా తక్కువే కనిపిస్తున్నారు. పౌరసత్వం వచ్చాక నవంబరులో వరసలో నిలబడి ఓటేసి, వేలి మీద సిరా గుర్తు బదులు చొక్కా మీద స్టిక్కరు పెట్టుకుని ఫోటో దిగే ఉత్సాహం మనవాళ్లలో బాగా ఉంది. ఏప్రిల్లో అది ఉండదు. ఇంటిపన్నులో పెద్ద వాటా బడులకు పోతుంది, ఆ బడుల బోర్డును ఎన్నుకునేది ఏప్రిల్లోనే. కరెంటు ఒప్పందం మీద చేయెత్తే ఎనిమిది మందిని ఎన్నుకునేది కూడా అప్పుడే.

చాలా తెలుగు ఇళ్లలో మొదటి ఓటరు తండ్రి కాదు, తల్లీ కాదు. ఇక్కడే పుట్టి, ఇండియన్ ప్రెయిరీ బడిలో చదువుకుని, పద్దెనిమిది నిండిన కూతురో కొడుకో. ఇలినాయ్‌లో నవంబరు ఎన్నికల నాటికి పద్దెనిమిది నిండుతాయంటే పదిహేడేళ్లకే ప్రైమరీలో ఓటేయొచ్చు. అమ్మానాన్నల వీసా స్టాంపింగ్ టెన్షన్లు చూస్తూ పెరిగిన ఆ పిల్ల, పోలింగ్ కేంద్రంలో టేబుల్ దగ్గర నిలబడి ఏ పార్టీ బ్యాలట్ కావాలని అడిగితే జవాబు చెబుతుంది. ఆ జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. ఆ తర్వాత వచ్చే ఏప్రిల్లో ఆమె ఏ కాలేజీ ఊళ్లోనో ఉంటుంది. ఇంట్లో పన్ను కట్టే ఇద్దరూ ఆ రోజు కూడా మామూలుగానే ఆఫీసుకు వెళ్తారు.